మిగిలిన డీజిల్

2025 జూన్ 2

ధర్మవరం కాంట్రాక్టరు కంకర రేటు టన్నుకు ముప్ఫై రూపాయలు తగ్గించాడు. ఫోనులోనే తగ్గించాడు. మా ఆంజనేయులు "సరేలేన్నా, చూస్తాం" అని పెట్టేశాడు. నా కడుపున పుట్టినవాడికి 'కుదరదు' అనే మాట నోటికి రాదు. ఇంటికి రావాల్సిన ఆ మాటలన్నీ నేనే వాడేసినట్టున్నాను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు. మాకున్నవి రెండు టిప్పర్లు. ఒకదాని అప్పుకు ఇంకా ఇరవై రెండు కంతులు కట్టాలి. ఇక్కడ హిందూపురంలో బయల్దేరి మడకశిర అవతలి క్వారీలో కంకర ఎత్తుకుని, ఘాటు రోడ్డు దిగి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి దించి, ఖాళీగా ఇల్లు చేరాలి. చుట్టు తిరిగి వస్తే నూట తొంభై రెండు కిలోమీటర్లు.

ఖర్చుల పుస్తకం తెమ్మన్నాను. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పిన దాన్ని, ఇంటి లెక్క ఏనాడూ చూడలేదు. మా ఆయన ఉన్నప్పుడు చూడనివ్వలేదు. ఆయన పోయిన ఈ నాలుగేళ్ళలో వీడు చూడమని అడగలేదు. ట్రిప్పుకు డీజిల్ యాభై నాలుగు లీటర్లు అని ఉంది. ఎవరు నిర్ణయించారంటే, "నాయన కాలం నుంచీ అంతేనమ్మా" అన్నాడు. 'అంతే' అన్నది కారణం కాదని తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చెప్పేదాన్ని.

జూన్ 5

పొద్దున షెడ్డుకు పోయి డ్రైవర్లిద్దరినీ నిలబెట్టి చెప్పాను. బండి కదిలే ముందు ట్యాంకు నిండా కొట్టించాలి. తిరిగొచ్చాక మళ్ళీ నిండా కొట్టించాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పడితే అన్ని కాలినట్టు. యాభై నాలుగులో ఎంత మిగిలితే దాని ఖరీదులో సగం డ్రైవరుకు, సగం మాకు.

"మిగలదమ్మా," అన్నాడు ఆదెప్ప. "లోడు బండి. దాని ఆకలి దానిది."

"నీ ఆకలి సంగతి కూడా చూసుకో అప్పా. సగం నీదే కదా."

హనుమంతు పళ్ళికిలించి, "టీచరమ్మ మనకు పరీచ్చ పెట్నాదన్నా" అన్నాడు.

"పెట్టాను. పాసైతే దుడ్లు, ఫెయిలైతే ఉత్త చెయ్యి. కాపీ కొట్టడానికి పక్కన ఎవరూ ఉండరు."

హనుమంతుకు ముప్ఫై దాటలేదు, చేతిలో ఎప్పుడూ ఫోనే. ఆదెప్పకు యాభై మూడు. ఇరవై రెండేళ్ళుగా మా బండే తోలుతున్నాడు. సోమందేపల్లిలో ఇల్లు. నేనేం చెప్పినా తల ఊపుతాడు. ఊపే తలలో ఏముందో నేనెప్పుడూ అడిగినదాన్ని కాదు. క్లాసులో కూడా అడగలేదు.

జూన్ 13

ఆదెప్ప బండి యాభై! హనుమంతుది యాభై మూడున్నర.

నాలుగు లీటర్లు మిగిల్చిన ఆదెప్పకు నూట తొంభై నాలుగు రూపాయలు కవరులో పెట్టి ఇచ్చాను. రెండు చేతులతో పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. నెలకు ఇరవై ట్రిప్పులు వేసుకుంటే మాకు మిగిలేది కంతులో పావు వంతు. ఆంజనేయులు రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. లారీ వ్యాపారమంటే అదేదో బ్రహ్మవిద్య అన్నట్టు చెప్పేవారు ఈ ఇంటి మగవాళ్ళు. భాగహారం వస్తే చాలు.

జూన్ 20

యాభై ఒకటికి తగ్గించాను. ఆదెప్ప మూడు ట్రిప్పులు వరసగా యాభై తెచ్చినప్పుడు యాభై నాలుగు ఎందుకు? అందరూ పాసయ్యే పరీక్ష పరీక్షే కాదు.

"మిగిలిచ్చినందుకు తగ్గిస్తివంటే వాడేమనుకుంటాడమ్మా?" అన్నాడు ఆంజనేయులు.

"అరవై మార్కులు తెచ్చినవాడు డెబ్బై తేలేడా?"

నాతో వాదించి గెలిచిన వాళ్ళు ఈ ఇంట్లో ఫోటోలో ఉన్నారు, వాళ్ళూ బతికుండగా గెలవలేదు.

జూన్ 28

ఆదెప్ప నలభై ఎనిమిదిన్నర. హనుమంతు యాభై రెండు. ఈయనగారు లీటరుకు దుడ్లు కట్టాల్సి వస్తుందేమోనని షెడ్డులో నా వెంటే తిరిగాడు.

"ఆదెప్పన్న లెక్క నాకు పెట్టొద్దమ్మా. ఆయప్ప ఘాట్లో న్యూట్రల్ ఏస్తాండాడు."

"అంటే?"

"గేరు తీసేస్తాడు. దిగుడు గదా, బండి దాని బరువుకదే పోతాది. డీజిల్ తాగదు. కానీ గేరులో ఉంటే ఇంజను పట్టుకుంటాదమ్మా, న్యూట్రల్లో పట్టేది యాడుంది? బ్రేకు ఒగటే. ముప్పై టన్నులు ఎనక నుంచి తోస్తాంటాది. నాకొద్దప్పా, నాకు పిల్లలుండారు."

చేతకానివాడికి చాడీలెక్కువ అన్నాను. నవ్వాడు గానీ ముఖం నవ్వలేదు.

ఇంటికొస్తే మనవరాలు కీర్తన ఫోను చూపించింది. బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. బండ్లకు జీపీఎస్ పెట్టించింది అదే. "అవ్వా, ఘాట్లో ఆదెప్ప మామ బండి డెబ్బై ఎనిమిది చూపిస్తాంది. లోడుతో పోయేటప్పుడు ఆడ నలభై దాటకూడదు గదా?"

"మిషను తప్పు చూపిస్తుందేమో చూడు. నీ ఇంటర్ మార్కుల మెమో మీద ఇంతకంటే విచిత్రాలు చూశాను నేను" అన్నాను. అది లోపలికి పోయింది.

మిషన్లు తప్పులు చూపిస్తాయి. ఇది మాత్రం నిజం.

జూలై 4

నలభై ఎనిమిది. నూట తొంభై రెండును నలభై ఎనిమిదితో భాగిస్తే నాలుగు. శేషం సున్నా. ఇంత శుభ్రమైన లెక్క రిటైరయ్యాక చేయలేదు.

ఇక మీదట నలభై ఎనిమిది దాటితే ఎక్కువ పడిన ప్రతి లీటరూ డ్రైవరు తిండికిచ్చే బత్తాలో పట్టుకుంటాం. ఆదెప్ప "సరేమ్మా" అన్నాడు. అంతే.

జూలై 10

ఆదెప్ప ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడ్డాడు.

"బ్రేకు లైనర్లు అరిగిపోయినట్టుండాయమ్మా. ఒగ దినం బండి ఆపి ఏపిచ్చుకుందుమా?"

"మార్చిలో వేయించాము కదా? డిసెంబరు దాకా రావాలి."

"రావల్ల. రాలే."

ఎందుకు రాలేదో నేను అడగలేదు. అతను చెప్పలేదు. నెలాఖరులో చూద్దామన్నాను. బండి ఒక రోజు ఆగితే పోయేదెంతో ఆ నిమిషంలోనే నోటిలెక్క వేసి చెప్పాను. తల ఊపి పోయాడు.

లైనర్ల ఖర్చు మరమ్మతుల పేజీలో వస్తుంది, డీజిల్ పేజీలో రాదు. డీజిల్ పేజీ బాగుంది.

జూలై 19

పెనుకొండ నుంచి ఫోను. ఆదెప్ప బండి ఘాటులో పడింది. బతికే ఉన్నాడు.

జూలై 20

అనంతపురం ఆస్పత్రి. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

బ్రేకు పట్టలేదట. మలుపులో ఎదురుగా ట్రాక్టరు, దాంట్లో కూలికి పోతున్న ఆడవాళ్ళు పదకొండు మంది. వాళ్ళు చూస్తుండగా ఆదెప్ప బండిని కొండవైపుకు తిప్పేశాడట. రాయికి కొట్టి బోల్తా పడింది. ఆ ట్రాక్టరులోని ఒక ఆమె ఆస్పత్రి దాకా వచ్చింది. "మా ఇంటి దేవునికన్నా ముందు ఈయప్పకు మొక్కల్ల" అని ఏడ్చింది. నేను ఎవరో ఆమెకు తెలియదు. తెలియనివ్వలేదు.

ఆదెప్ప భార్య కుళ్ళాయమ్మ ఏడవలేదు. గోడకానుకుని కూర్చుని, వచ్చిన వాళ్ళకల్లా "కాలు యాడ పెట్టినారో చెప్పండి, పూడ్చి పెట్టల్ల గదా" అని అడుగుతూ ఉంది.

జూలై 22

అందరూ బ్రేకు ఫెయిలు అంటున్నారు. నేనూ అంటున్నాను. అబద్ధమేం కాదు.

జూలై 24

ఇన్సూరెన్సు చేయించిన ఏజెంటు బాలాజీ వచ్చాడు. మంచి చొక్కా. కాఫీలో చక్కెర వద్దన్నాడు. మర్యాదస్థుడు.

అతను చెప్పింది విడమరిచి రాసుకుంటున్నాను. బండి క్లెయిము కోసం కంపెనీ మనిషి వస్తాడు. బండి న్యూట్రల్‌లో దిగిందని గేరుబాక్సు చూస్తేనే తెలిసిపోతుంది. ఓనరు తెలిసి తోలించాడంటే బండికి పైసా రాదు. ఓనరు వద్దన్నా వినకుండా డ్రైవరు తోలాడంటే ఇబ్బంది లేదు. కాబట్టి ముందే వద్దని చెప్పినట్టు ఒక కాగితం, దాని మీద డ్రైవరు సంతకం ఉంటే మంచిది.

"మరి ఆదెప్పకు?" అన్నాను. "పనిలో కాలు పోయింది. అతనికీ ఇన్సూరెన్సులోంచి నష్టపరిహారం రావాలి కదా?"

"అదే మేడమ్ వస్తాండేది. ఓనరు మాట వినకుండా చేసినాడని పడితే లేబరు ఆఫీసులో ఆయప్పది నిలబడేది కష్టం. మీరు ఏదో తోచింది చేతిలో పెట్టండి. మనుషులమే గదా."

ఆంజనేయులు నా వంక చూశాడు. చిన్నప్పుడు స్లిప్ టెస్టుకు ముందు చూసినట్టు చూశాడు. తొమ్మిది లక్షల బండి, ఇరవై కంతులు, కాంట్రాక్టరు ఫోను. "నీ రాత బాగుంటాదమ్మా" అన్నాడు.

జూలై 25

అనంతపురం పోయి వచ్చాను. సంతకం అయింది.

జూలై 27

ఎండగా ఉంది. కంది పప్పు పురుగు పట్టింది, ఆరబెట్టాను. వాకిట్లో మునగ చెట్టు కొమ్మ విరిగింది. కీర్తన నాతో మాట్లాడటం లేదు. ఎందుకో తెలియదు.

జూలై 29

తెలుసు.

నేను రాసిన కాగితంలో ఇలా ఉంది: "ఘాటు రోడ్డులో బండిని న్యూట్రల్‌లో దింపరాదని ఓనరు నాకు ఖండితంగా చెప్పినారు. నేను అర్థం చేసుకున్నాను." పైన తేదీ జూన్ 5. కాగితం కొత్తగా కనబడకూడదని పాత నోటుపుస్తకం వెనక నుంచి చించాను. ఆ తెలివి నాకు బాలాజీ చెప్పలేదు, ఆంజనేయులు చెప్పలేదు. సొంత తెలివి. పరీక్ష హాలులో ఎన్ని వందల చీటీలు పట్టుకున్నానో, అన్నిటి విద్యా ఒక్కసారి పనికొచ్చింది.

కుళ్ళాయమ్మ అతన్ని లేపి దిండు ఆనించింది. "ఏం కాగితం టీచరమ్మా?" అంది.

"ఇన్సూరెన్సుది."

"దుడ్లొచ్చేదా?"

"అవును" అన్నాను.

ఎవరికని ఆమె అడగలేదు.

ఆదెప్ప కాగితం పట్టుకుని కాసేపు చూశాడు. "యాడ పెట్టల్లమ్మా?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. సంతకం పెట్టి, దాని కింద 25-7-25 అని, 11.20 అని వేశాడు. క్వారీ గేటు దగ్గర లోడు చీటీ మీద సంతకం కింద తేదీ, టైము వేయకపోతే బండిని కదలనివ్వరు. ఇరవై రెండేళ్ళుగా చేతికి పట్టిన అలవాటు. పైన జూన్ ఐదు, కింద జూలై ఇరవై ఐదు.

నేను చూశాను. తప్పులు చూడటమే కదా నా వృత్తి. కానీ వద్దని చెబితే ఎందుకు వద్దో చెప్పాలి. మడిచి సంచిలో పెట్టుకున్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అది గుర్తుంది.

ఇదంతా రాస్తే తేలికవుతుందనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు.

ఆగస్టు 2

బాలాజీ కాగితం వెనక్కి తెచ్చాడు. "మేడమ్, ఇది పంపిచ్చినానంటే మిమ్మల్నీ నన్నూ ఒగే జీపులో ఎక్కిస్తారు" అన్నాడు. కొత్తది రాసి, తేదీ లేకుండా సంతకం తేవాలట.

"నిన్న ఆదెప్పను ఇంటికి తోలుకొచ్చినారంట. సోమందేపల్లే గదమ్మా, పోయిరా" అన్నాడు ఆంజనేయులు. "నేను పోతే అనుమానపడతాడు. నువ్వంటే వాడికి దేవుడు."

సోమవారం పోతానన్నాను. కొత్తది రాశాను.

ఆగస్టు 4, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే మధ్యలో ఏదో ఒకటి వదిలేస్తాను.

బస్సుకు గంట టైముందని షెడ్డుకు పోయాను. హనుమంతు బండి కడుగుతున్నాడు. డీజిల్ బిల్లులు ఇచ్చాడు. పుస్తకంలో ఎక్కిస్తున్నాను: నలభై ఎనిమిది, నలభై ఎనిమిది, నలభై ఏడున్నర.

"బాగా తెచ్చావే" అన్నాను. అలవాటుగా వచ్చింది ఆ మాట.

"మరి తేవల్ల గదమ్మా. దాటితే బత్తాలో పట్టుకుంటా అంటిరి."

నా చేతిలో పెన్ను ఆగింది.

"న్యూట్రలా?"

"ఇంగెట్ల వస్తాదమ్మా? ఆకాశం నుంచి కారుతాదా?" అని పైపు కింద పెట్టాడు. "ఆదెప్పన్న బండి పడినాక ఆ లెక్క తీసేసినట్టు నాకు ఎవురూ చెప్పల్యా. బండి కంతులు దండిగుండాయి, ఇప్పుడు అడిగితే బాగుండదని గమ్మునుంటి. ఘాట్లో ఆయప్ప బండి గుద్దిన రాయి దగ్గరికొచ్చేతలికి కండ్లు మూసుకుందామనిపిస్తాది. మూసుకుంటే పోతాది గదా, మూసుకోను."

బండి పడింది పందొమ్మిదిన. ఈ రోజు ఆగస్టు నాలుగు. పదహారు రోజులుగా ఇతను అదే ఘాటులో, అదే లెక్క మీద, రోజూ దిగుతున్నాడు. ఆ అంకెలు ఎక్కించింది నేనే. పుస్తకంలో నా రాత, గుండ్రంగా, గీత తప్పకుండా. ఒకరి కాలు తీసేసిన లెక్కను నేను కొట్టివేయలేదు. మర్చిపోయాననడానికి కూడా లేదు. పోయిన వారం పేజీ కింద కూడిక వేసి "బాగుంది" అని రాసి ఉంది.

లెక్క రద్దన్నాను. ఇక ఎన్ని లీటర్లు పడితే అన్ని, ఎవరి బత్తా ఎవరూ ముట్టరు, లైనర్లు వేసేదాకా బండి కదలదు అన్నాను.

"ఆంజనేయులు సారుతో ఒగ మాట..." అన్నాడు.

"నేను చెప్పుకుంటాను."

డీజిల్ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. కొత్త కాగితం పక్కన.

సోమందేపల్లిలో ఆదెప్ప ఇల్లు ఒక్క గది, ముందర రేకుల పంచ. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి పోవడం. కుళ్ళాయమ్మ పంచలో చింతపండుకు గింజ తీస్తోంది. కిలోకింతని కూలి. ఆదెప్ప మంచం మీద ఉన్నాడు, కాలున్న చోట దుప్పటి చదునుగా ఉంది.

"రాండమ్మా. సారు ఫోను చేసినాడు. తేదీ ఎయ్యకూడదంట గదా, నాకు తెలీక ఏస్తి. యాడ, ఇయ్యండి."

"మొన్నటి కాగితం చదివావా అప్పా?"

"చదివినా."

"చదివే పెట్టావా?"

"మీరు రాసింటిరి గదమ్మా." కాస్త ఆగి, "మీరు నాకట్ల చెప్పల్యా, నిజమే. కానీ న్యూట్రల్ ఎయ్యకూడదని నాకు తెలీదా ఏంది? తప్పు నాదే గదా. చెప్పినట్టే అనుకుందాం" అన్నాడు.

"ఇరవై రెండేండ్లు ఎయ్యనోనివి ఈ జూన్ల ఎందుకేస్తివి?" అంది కుళ్ళాయమ్మ, తలెత్తకుండానే. "చెప్పు. టీచరమ్మ ఈడనే ఉండాది, చెప్పు."

"గమ్మునుండు."

"యాభై నాలుగు యాభై ఒగటాయె, యాభై ఒగటి నలభై ఎనిమిదాయె. మొదట కవురు తెచ్చి నా చేతిలో పెట్టి నగినాడు. తరువాత కవురు లేదు. ఆయమ్మ నాలుగు మిగిలిస్తే మూడు గుంజుతాది, రెండున్నర మిగిలిస్తే ఇంగో మూడు గుంజుతాదంటే, పోయి చెప్పుకోయ్యా అంటి. లెక్కలు చెప్పేయమ్మకు నేనేం లెక్క చెప్పేది అనె."

ఆదెప్ప గోడవైపు తిరిగాడు.

"టీచరమ్మా," అంది. "ఆ పొద్దు దుడ్లొస్తాయంటిరి. ఆ కాగితంతో వస్తాయా మాకు?"

"రావు."

"మరి ఎవురికొస్తాయి?"

"మాకు. బండికి. ఆ కాగితం ఉంటే మీకు వచ్చేది కూడా పోతుంది."

ఈ మాట చెప్పడానికి నేను పోలేదు. రెండో కాగితం సంచిలోనే ఉంది. ఆమె అడిగింది, నా నోరు జవాబు చెప్పింది. మంచితనం అనుకోకూడదు. సూటిగా అడిగితే సూటిగా చెప్పే అలవాటు, అంతకంటే ఏమీ కాదు.

కుళ్ళాయమ్మ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లకు నా దగ్గర సమాధానాలుంటాయి.

"ఈ మాట యాడ చెప్పల్ల?" అంది.

"లేబరు ఆఫీసులో."

"చెప్తారా?"

"చెబుతాను."

"మేమిద్దరం ఆడ నిలబడుకోనుంటే చెప్తారా?"

"చెబుతాను."

"అప్పుడు చూస్తాం" అని మళ్ళీ గింజ తీయడంలో పడింది. నీళ్ళు కావాలా అని అడగలేదు. బస్టాండు దాకా నడిచాను. ఎండ బాగా కొట్టింది.

ఆగస్టు 7

ఆంజనేయులుకు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. "బండి పోతాదమ్మా" అన్నాడు. అంతే. పోతే పోనీ అని నేను అనలేదు. అనడానికి అప్పు నా పేరు మీద లేదు, వాడి పేరు మీద ఉంది. నా తప్పుకు నేను నిజం చెబుతాను, కంతు వాడు కడతాడు. పింఛను ఇస్తానన్నాను. "ఎన్నేండ్లిస్తావు?" అన్నాడు. వాడికి డెబ్బై మూడేళ్ళ తల్లి వయసు లెక్క బాగానే వచ్చు.

కీర్తన జీపీఎస్ కాగితాలు ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టింది. "అవ్వా, డెబ్బై ఎనిమిది అని నేను చూపించిన దినం గూడా దీంట్లో ఉండాది. తీసేయల్లా?"

"ఉండనీ."

"నిన్ను అడుగుతారు."

"అడగనీ."

పక్కన కూర్చుంది కాసేపు. ఈ ఇంట్లో మాట్లాడకుండా ఉండటం నా దగ్గర ఎవరూ నేర్చుకోలేదు, దానంతటదే నేర్చుకుంది.

ఆగస్టు 12

ధర్మవరం లేబరు ఆఫీసు. ఆఫీసరు నలభై ఏళ్ళ ఆమె, కళ్ళజోడు. ఆదెప్ప, కుళ్ళాయమ్మ ముందే వచ్చి బెంచీ మీద ఉన్నారు. ఆదెప్ప తెల్ల చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. తప్పు చేసినవాడు పంచాయితీకి వచ్చినట్టు వచ్చాడు.

డీజిల్ పుస్తకం, జీపీఎస్ కాగితాలు బల్ల మీద పెట్టాను. తేదీ పడిన మొదటి కాగితం, సంతకం పడని రెండోది కూడా పెట్టాను. చించేద్దామని పొద్దున రెండుసార్లు చేతిలోకి తీసుకున్న మాట నిజం.

"ఇది మీ రాతేనా?"

"నాదే."

"జూన్ ఐదున మీరు ఇతనికి న్యూట్రల్ వద్దని చెప్పారా?"

"లేదు. ఆ రోజు చెప్పింది డీజిల్ మిగల్చమని. ఇది జూలై ఇరవై నాలుగున ఇంట్లో కూర్చుని రాశాను."

"న్యూట్రల్ వేస్తున్నాడని మీకు తెలుసా?"

"జూన్ ఇరవై ఎనిమిదిన ఇద్దరు చెప్పారు. ఒకరిని వెక్కిరించాను, ఒకరిని కసిరాను. ఆ తరువాత ఇంకా మూడు లీటర్లు తగ్గించాను."

ఆమె రాసుకోవడం ఆపి చూసింది. "లైనర్లు?"

"అడిగాడు. నెలాఖరుకన్నాను."

"అంటే మేడమ్, నాకు ఒక్క ముక్కలో కావాలి. ఇతను మీ మాట వినకుండా తోలాడా?"

"లేదమ్మా. విని తోలాడు. నేను చెప్పిన ప్రతిసారీ విన్నాడు."

ఆమె దాన్ని నా మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకుంది. ఇన్సూరెన్సు వాళ్ళకు నోటీసు పోతుందని, ఈ వాంగ్మూలం ఉన్నంతవరకు పరిహారానికి ఆ అడ్డం ఉండదని కుళ్ళాయమ్మకు చెప్పింది. కుళ్ళాయమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. "అంటే ఈయప్ప మాట ఇననోడు కాదని రాసుకున్నట్టేనా?" అంది. "రాసుకున్నాం" అంది ఆఫీసరు.

బయట మెట్ల మీద ఆదెప్ప నా వైపు చూడలేదు. "మీ గురించి అట్ల చెప్పుకోకుండా ఉండల్సిందమ్మా. అంతమంది ముందర" అన్నాడు. అతనికి సిగ్గుగా ఉంది. నా తరఫున. ఇరవై రెండేళ్ళు నా మాటకు తల ఊపినవాడు, ఆ మాట తప్పని వినడం అతనికి కాలు పోయినంత కష్టంగా ఉన్నట్టుంది. క్షమించమన్నాను. ఏ పిల్లతోనూ ఎప్పుడూ అనలేదు ఆ మాట, వినబడిందో లేదో.

"చెప్పనీ," అంది కుళ్ళాయమ్మ. "నువ్వు గమ్మున ఆటో ఎక్కు."

సోమందేపల్లి దాకా మాట్లాడుకున్న ఆటో. నాకూ హిందూపురం అదే దారి. వెనక సీటులో ముగ్గురు పడతారు. ఆదెప్ప జరిగి "రాండమ్మా" అన్నాడు. కుళ్ళాయమ్మ నా వంక ఒకసారి చూసి, ఆ జాగాలో చంక కర్రలు రెండూ పక్కపక్కన పడుకోబెట్టింది.

బస్సుకు వచ్చాను.